లెక్క రాసే చేయి, లెక్క చదివే కన్ను

పెద్ద కంపెనీల్లో కొన్నేళ్ళుగా ఒక మాట గట్టిగా వినిపిస్తోంది. "డేటా అనలిటిక్స్ నేర్చుకోండి, లేకపోతే వెనకబడిపోతారు" అని ఉద్యోగులకు చెబుతున్నారు. అందుకోసం ప్రత్యేక శిక్షణలు నడుపుతున్నారు, పరీక్షలు పెడుతున్నారు, సర్టిఫికెట్లు ఇస్తున్నారు. వాన కోసం ఆకాశం వైపు చూసే యాడికి లాంటి మండలంలో, కూలి, మగ్గం, పొదుపు సంఘం మధ్య బతికే స్త్రీలకు ఈ గొడవతో ఏం పని అని ఎవరికైనా అనిపించవచ్చు.

పని ఉంది. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ కంపెనీల్లో జీతానికి పనిచేస్తున్న వాళ్ళలో మన పిల్లలున్నారు. అనంతపురం, తాడిపత్రి, గుత్తి చుట్టుపక్కల కాలేజీల్లో ఇంజనీరింగు చదివి బెంగుళూరు, హైదరాబాదు వెళ్ళిన అమ్మాయిలున్నారు. రెండవది, అక్కడ నేర్చిన విద్య అక్కడే ఆగిపోవడం లేదు. అది తిరిగి వచ్చి మన జీవితాల మీద ప్రయోగమవుతోంది. రేషను కార్డు ఉండాలా పోవాలా, కరువు పనిలో హాజరు పడిందా లేదా, బ్యాంకులో అప్పు పుడుతుందా లేదా అన్నవి ఈ విద్య తెలిసినవాళ్ళు తయారుచేసిన లెక్కల మీద ఆధారపడుతున్నాయి. కాబట్టి ఈ శిక్షణ ఎవరికి అందుతోంది, ఏ షరతులతో అందుతోంది, ఎవరికి అందకుండా పోతోంది అన్నవి స్త్రీల హక్కుల ప్రశ్నలే.

ముందు ఈ విద్య ఏమిటో చూద్దాం. ఇది బ్రహ్మవిద్య ఏమీ కాదు. లక్షలాది వివరాలను కంప్యూటరులో ఒకచోట చేర్చడం, అందులో తప్పులు ఏరివేయడం, వాటిని గుంపులుగా విడదీసి పోల్చిచూడడం, నిన్న ఏం జరిగిందో ఎందుకు జరిగిందో తెలుసుకోవడం, రేపు ఏం జరగవచ్చో అంచనా కట్టడం. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ అని వినబడే పేర్లన్నీ ఈ పనికి వాడే పనిముట్లు. పొదుపు సంఘం పుస్తకం తిరగేసి రెండేళ్ళలో ఏయే నెలల్లో కంతులు ఆగాయో, ఎవరివి ఆగాయో, శెనక్కాయ పంట పోయిన ఏడాదికీ వాటికీ సంబంధం ఉందో లేదో చూసే సంఘం లీడరు చేస్తున్నదీ ఇదే. కంపెనీ చేసేటప్పుడు దానికి పెద్ద పేరు, పెద్ద జీతం వస్తాయి. మన లీడరు చేసేటప్పుడు అది "సంఘం పని" అవుతుంది.

ఈ విద్యను ఉద్యోగులకు నేర్పే పని మన దేశంలో ఊపందుకుని ఏడెనిమిదేళ్ళయింది. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదులో ప్రపంచ ఐటీ మహాసభ జరిగినప్పుడు, సాఫ్టువేరు కంపెనీల సంఘం నాస్కామ్ తయారుచేసిన "ఫ్యూచర్ స్కిల్స్" అనే శిక్షణా వేదికను ప్రధానమంత్రి ప్రారంభించారు. ఐటీ ఉద్యోగులు కొత్తగా నేర్చుకోవాల్సినవిగా ఎంచిన విద్యల్లో డేటా విశ్లేషణ ఒకటి. అదే ఏడాది ఇన్ఫోసిస్ తన ఉద్యోగుల కోసం "లెక్స్" అనే సొంత వేదికను తెచ్చింది. మిగతా పెద్ద కంపెనీలకూ ఇలాంటివి ఉన్నాయి. కంపెనీల ఆలోచన అర్థం కానిదేమీ కాదు. బయటినుంచి ఆ విద్య తెలిసినవాళ్ళను ఎక్కువ జీతాలిచ్చి తెచ్చుకునే కన్నా ఉన్నవాళ్ళకే నేర్పుకోవడం చవక. పైగా మా దగ్గర ఇన్ని వేలమంది శిక్షణ పొందినవాళ్ళున్నారని చెబితే విదేశీ ఖాతాదారుల దగ్గర కాంట్రాక్టులు దొరుకుతాయి.

ఈ శిక్షణలు సాధారణంగా మూడు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు అందరికీ. పట్టికలు, బొమ్మలు చూసి అర్థం చేసుకోవడం వరకూ. రెండవ మెట్టు కొందరికి. పనిముట్లు వాడి లెక్కలు తీయడం. మూడవ మెట్టు కొద్దిమందికి. రేపటిని అంచనా వేసే నమూనాలు తయారుచేయడం. వీడియోలు చూసి, పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకోవడం ఎవరైనా చేయవచ్చు. కాని ఆ పని చేసే ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతి ఏమిటంటే సర్టిఫికెట్టుతో నేర్పు రాదు. నిజమైన ప్రాజెక్టు మీద కూర్చోబెట్టి, తెలిసినవాళ్ళు పక్కన ఉండి తప్పులు దిద్దితే వస్తుంది. ఆ ప్రాజెక్టు ఎవరికివ్వాలో మేనేజరు నిర్ణయిస్తాడు. రాత్రి పదింటికి అమెరికా వాళ్ళతో మాట్లాడగలరా, శనివారం రాగలరా, వేరే ఊరికి మారగలరా అని చూస్తాడు. మొదటి మెట్టు మీద ఆడా మగా సమానంగా కనబడినా మూడవ మెట్టుకు వచ్చేసరికి స్త్రీలు పలచబడడానికి మూలం ఇక్కడుంది.

ఎక్కువ శిక్షణలు "మీకు వీలైనప్పుడు నేర్చుకోండి" అనే పద్ధతిలో నడుస్తాయి. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. వీలు ఎవరికి ఉంటుంది? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. తేడా మూడు గంటల ఇరవై నిమిషాల పైమాట. సరిగ్గా ఆ మూడు గంటల్లోనే కంపెనీ నేర్చుకోమంటోంది. ఆఫీసు గంటల్లో నేర్పని విద్యను ఇంటి గంటల్లో నేర్చుకోమనడం అంటే, ఇంటిపని ఎవరి మీద ఉందో వాళ్ళను పోటీ నుంచి తప్పించడమే. నియమాల్లో ఎక్కడా వివక్ష రాసి ఉండదు. ఫలితంలో మాత్రం ఉంటుంది. 2022-23 సంవత్సరానికి టీసీఎస్ వార్షిక నివేదికలో, తమ కంపెనీలో ఉద్యోగం వదిలే స్త్రీల శాతం పురుషులను మించిందని, అంతకుముందు ఇలా ఉండేది కాదని ఆ కంపెనీయే రాసుకుంది. ఇంటినుంచి పనిచేసే ఏర్పాటు ముగిసి ఆఫీసులకు రమ్మన్న కాలం అది.

కాన్పు సంగతి కూడా చూడాలి. 2017 సవరణ తర్వాత ప్రసూతి చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. యాభైమంది లేదా అంతకుమించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నది. ఇవి పోరాడి తెచ్చుకున్న హక్కులు. కాని ఆరునెలల్లో పనిముట్లు మారిపోయే రంగంలో, సెలవు ముగించుకుని వచ్చిన ఉద్యోగినికి వెనకబడిన శిక్షణను ఎవరు, ఏ వేళల్లో ఇస్తారన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. సెలవుకు జీతం వచ్చింది గాని, తిరిగి వచ్చేసరికి పాత పని పోయి కొత్త పని రాని స్థితి ఏర్పడుతోంది. దీన్ని "ఆమె నైపుణ్యం సరిపోలేదు" అని రాసుకుంటారు.

శిక్షణ అనే మాట వెనక మరొక మాట కూడా నిలబడి ఉందని 2025 నాటి సంఘటనలు చెప్పాయి. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ తన మైసూరు కేంద్రంలో శిక్షణలో ఉన్న 300 మందికి పైగా కొత్తవాళ్ళను పంపించివేసింది. మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్షలో నెగ్గలేదని, ఇది ముందే చెప్పిన షరతేనని కంపెనీ అంది. ఆ పిల్లల్లో చాలామంది ఆఫరు కాగితం చేతికి వచ్చాక రెండేళ్ళపాటు పిలుపు కోసం ఎదురుచూసినవాళ్ళు. అదే ఏడాది జూన్‌లో టీసీఎస్, ఏడాదికి 225 రోజులు ఖాతాదారుల పనిలో ఉండి తీరాలని, ప్రాజెక్టు లేకుండా ఉండే రోజులు 35కు మించరాదని నిబంధన తెచ్చింది. జూలైలో 12 వేలమందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. కొత్త విద్యల్లో లక్షలమందికి శిక్షణ ఇచ్చామని చెప్పుకునే కాలంలోనే ఇవి జరిగాయి. నేర్చుకునే బాధ్యత ఉద్యోగిది, నేర్చుకున్నాక పని ఇచ్చే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. ఈ నిబంధనలు అందరికీ ఒకటే అంటారు. కాన్పునుంచి తిరిగి వచ్చిన స్త్రీకి, ముసలి అత్తమామలను చూసుకునే స్త్రీకి, భర్త బదిలీతో ఊరు మారిన స్త్రీకి 35 రోజులు ఎంత తొందరగా తరిగిపోతాయో వేరే చెప్పనక్కర్లేదు.

మన ప్రాంతపు అమ్మాయికి ఈ మెట్ల కన్నా ముందు మరికొన్ని మెట్లున్నాయి. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాక ఆడపిల్లను ఇంజనీరింగుకు పంపే కూలి కుటుంబాలు పెరిగాయి. అది మంచి మార్పు. కాని చదువు అయ్యాక ఉద్యోగానికి కావలసిన "కోర్సు" వేరే ఉందని, దానికి అమీర్‌పేటకో బెంగుళూరుకో వెళ్ళాలని తెలుస్తుంది. హాస్టలు ఖర్చు, కోర్సు ఫీజు కలిపితే కరువు పల్లెలో ఒక అప్పు. కొడుకైతే ఆ అప్పు చేస్తారు. కూతురైతే "చదివించింది చాలు, పెళ్ళి చేద్దాం" అంటారు. కాబట్టి కంపెనీ శిక్షణలో కూర్చున్న అమ్మాయిల సంఖ్య చూసి సంతోషించేటప్పుడు, ఆ తలుపుదాకా రాకుండా ఆగిపోయిన వాళ్ళ లెక్క కూడా అడగాలి.

ఇంతవరకూ చెప్పింది చదివి శిక్షణలే వద్దంటున్నామని అనుకోరాదు. శిక్షణ కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. పని గంటల్లో, జీతంతో, అందరికీ కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికి కంపెనీ గేటు దాటి ఊళ్ళోకి రావాలి.

తెలంగాణలో ఏం జరిగిందో చూడండి. రాష్ట్రం ఏర్పడ్డాక కొన్నేళ్ళకు, వివిధ శాఖల జాబితాలను ఒకదానితో ఒకటి కలిపి కుటుంబాల వివరాలు తీసే "సమగ్ర వేదిక" అనే ఏర్పాటు చేశారు. వాహనాల జాబితాలో పేరు, ఆస్తి జాబితాలో పేరు, రేషను జాబితాలో పేరు పోల్చి, ఇవి ఒకే మనిషివి అని యంత్రం చెబుతుంది. ఇది డేటా అనలిటిక్సే. 2016 తర్వాత ఆ రాష్ట్రంలో రద్దయిన రేషను కార్డులు సుమారు 19 లక్షలు. ఇల్లు తట్టి విచారించకుండా కంప్యూటరు చెప్పిందని కార్డులు తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయినవాటిని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. పేర్లు కలిసినందువల్ల, కారు లేని ఇంటికి కారు ఉందని రాసి బియ్యం ఆపేసిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. కార్డు పోయినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎవరు? ఎసరు పెట్టి బియ్యం లేక కూర్చునేది ఎవరు? "మాకు కారు లేదు" అని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ ఇంటి ఆడమనిషి మీద పడింది. ఉన్నది ఉందని రుజువు చేయడం తేలిక. లేనిది లేదని రుజువు చేయడం ఎలాగో ఏ శిక్షణలోనూ నేర్పరు.

మన కరువు పని కథ కూడా ఇదే దారి పట్టింది. 2022-23 ఒక్క ఏడాదిలో దేశంలో 5 కోట్లమందికి పైగా ఉపాధి కూలీల పేర్లు జాబితాల నుంచి తొలగించారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫోనులో ఫోటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపే చెల్లింపు అయింది. సిగ్నలు లేని గుట్ట పక్కన పొద్దుటినుంచి మట్టి తవ్విన మనిషి పనిచేసిందా లేదా అన్నది ఫోటో తేల్చింది. ఆ హాజరులో పనికిరాని ఫోటోలు, ఫోటోకే తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో గ్రామీణాభివృద్ధి శాఖ తానే రాష్ట్రాలకు రాసింది. అంటే ఆ యంత్రం దొంగను పట్టలేదు, పనిచేసినవాళ్ళను ఇబ్బందిపెట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి హామీ చట్టానికి బదులుగా మరొక చట్టం చేసింది. 125 రోజులన్న మాట పైకి వినబడుతోంది. బయోమెట్రిక్ గుర్తింపు, కృత్రిమ మేధతో తనిఖీ కూడా అందులో ఉన్నాయి. రేపు మన పనిదినాల మీద తీర్పు చెప్పే లెక్క ఎక్కడో ఒక కంపెనీలో శిక్షణ పొందినవాళ్ళు కట్టిన నమూనా నుంచి రాబోతోంది.

ఈ లెక్కలకు ముడిసరుకు అందిస్తున్నది ఎక్కువగా స్త్రీలే. ఆశా కార్యకర్త గర్భిణుల వివరాలు ఎక్కిస్తుంది. అంగన్‌వాడీ టీచరు 2021లో వచ్చిన పోషణ్ ట్రాకరులో పిల్లల బరువు, ఎత్తు రాస్తుంది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి తల్లి ముఖాన్ని ఫోటో తీసి సరిపోల్చాలి. సంఘం లెక్కలు రాసే అమ్మాయి కంతుల వివరాలు ఎక్కిస్తుంది. మేటీ హాజరు ఎక్కిస్తుంది. వీళ్ళకూ శిక్షణలు జరుగుతాయి. కాని ఏం నేర్పుతారు? ఏ బొత్తం నొక్కాలో నేర్పుతారు. గడువు ఎప్పుడో చెబుతారు. ఎక్కించకపోతే ఏమవుతుందో హెచ్చరిస్తారు. ఎక్కించినదాన్ని తిరిగి తీసి, మా ఊళ్ళో బరువు తక్కువ పిల్లలు ఏ పేటలో ఎక్కువున్నారు, ఏ నెలలో పెరిగారు, ఆ నెలలో తల్లులు బెంగుళూరుకు బేల్దారి పనికి వెళ్ళారా అని చూసుకోవడం ఎవరూ నేర్పరు. 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో మన రాష్ట్రంలో జీతాల కోసం, గ్రాట్యుటీ కోసం 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళను కదిలించి చూడండి, యాప్‌ల భారం గురించి ఎంత చెబుతారో.

ఇక్కడ పని విభజన స్పష్టంగా ఉంది. లెక్క రాసే చేయి ఊళ్ళో ఆడమనిషిది. లెక్క చదివే కన్ను పట్నంలో కంపెనీది. మొదటిదానికి గౌరవ వేతనం, రెండవదానికి జీతం. ధాన్యం దంచేది ఒకరు, కొలిచేది ఒకరు అన్న పాత పద్ధతే కంప్యూటరు ఎక్కింది.

లెక్క చదవడం రాకపోతే ఎలాంటి నష్టం జరుగుతుందో మన ప్రాంతం నుంచే రెండు ఉదాహరణలు చెప్పుకోవచ్చు. ఒకటి వాన. రస్తాకు ఇవతల కురిసి అవతల కురవని వానలు మనవి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో మాత్రం ఒకచోట పెట్టిన వానమాపకం చెప్పిన లెక్కే చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ లెక్క. మాపకం దగ్గర కురిస్తే, కురవని ఊరి రైతుకు కూడా కురిసినట్లే. ఒక్క అంకె పదిచోట్ల నిజాన్ని ఎలా మింగేస్తుందో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. రెండవది మగ్గం. 2019లో, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న ధర్మవరంలో మొదలుపెట్టిన నేతన్న నేస్తం పథకంలో సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24 వేల రూపాయలిచ్చారు. లెక్కకు కొలమానం మగ్గం. యాడికిలో కండెలు చుట్టే, ఆసు పోసే, అచ్చు అతికే ఆడవాళ్ళ శ్రమ లేకుండా ఆ మగ్గం నడవదు. కాని అడిగిన ప్రశ్న "మగ్గం ఎవరిది" అని. "పని ఎవరెవరిది" అని అడిగి ఉంటే జాబితా వేరుగా ఉండేది. ఏం కొలుస్తారో నిర్ణయించే దగ్గరే సగం న్యాయం తేలిపోతుంది.

చదువు రాని కూలివాళ్ళు లెక్కలు చదవగలరా అని పెదవి విరిచేవాళ్ళకు మన జిల్లాయే జవాబు చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో దేశానికంతటికీ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీలు జరిగాయి. మన రాష్ట్రంలో ఆ పథకం లెక్కలన్నీ టీసీఎస్ తయారుచేసిన సాఫ్టువేరులో ఉండేవి. ఆ కంప్యూటరు నుంచి మస్టర్ల కాగితాలు తీసి, కూలి కుటుంబాల నుంచే వచ్చిన యువతీ యువకులకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, వాళ్ళచేత ఇల్లిల్లూ తిరిగి పోల్చి చూపించారు. "ఈ కాగితంలో నువ్వు పన్నెండు రోజులు పనిచేసినట్లుంది, చేశావా అక్కా?" అన్న ఒక్క ప్రశ్నతో చచ్చినవాళ్ళ పేర్లు, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు, తవ్వని గుంతలు బయటపడ్డాయి. గ్రామసభలో అందరి ముందు చదివారు. 2009లో దీనికోసం రాష్ట్రంలో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. దాంట్లో లోపాలు లేవని కాదు. బయటపడిన సొమ్ములో రాబట్టింది తక్కువన్న విమర్శ ఉంది. ఊరి పెద్దలు బెదిరించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా అక్కడ రుజువైన విషయం ఒకటుంది. కంపెనీ కంప్యూటరులో ఉన్న అదే డేటా, కాగితం మీద అచ్చయి, తెలుగులో చదివి వినిపించి, కూలి చేసినవాళ్ళ చేతికి వచ్చేసరికి వాళ్ళ ఆయుధమైంది. లెక్కలో ఏది అబద్ధమో కనిపెట్టడానికి కావలసిన జ్ఞానం వాళ్ళ దగ్గరే ఉంది.

అంతకు పదిహేనేళ్ళ ముందు నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది కూడా మనకు గుర్తుండాలి. అక్షరాస్యత తరగతులకు కూర్చున్న స్త్రీలు పాఠంతోపాటు తమ బతుకునూ చదువుకున్నారు. 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాను నిషేధించక తప్పలేదు. అక్షరం నేర్పినవాళ్ళు అంత ఊహించలేదు. అక్షరాస్యత సంతకానికి ఆగిపోతుందని అనుకున్నవాళ్ళకు అది ప్రశ్న దాకా వెళ్ళింది. ఇప్పుడు డేటా విషయంలోనూ సంతకం దగ్గరే మనల్ని ఆపాలని చూస్తున్నారు.

దీనికి తోడు కొత్త అడ్డంకి ఒకటి వచ్చింది. 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టానికి సవరణ చేసి, దాన్ని 2025 నవంబరులో అమలులోకి తెచ్చారు. వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో వివరాలు నిరాకరించడం అధికారులకు తేలికయింది. స్త్రీల వ్యక్తిగత వివరాలకు రక్షణ ఉండాలన్నది మనం ఎప్పటినుంచో చెబుతున్నదే. కాని ఆ పేరుతో మస్టరు, రేషను జాబితా గోడ మీదికి రాకుండా చేస్తే, మన వివరాలన్నీ కంపెనీకీ ప్రభుత్వానికీ తెరిచి ఉండి, మనకు మాత్రం మూసుకుపోతాయి.

ఈ పరిస్థితిలో మనం ఏం అడగాలి? పెద్ద కంపెనీలను అడగాల్సినవి ఇవి. శిక్షణ పని గంటల్లో భాగం కావాలి, ఆ గంటలకు జీతం ఉండాలి. మూడు మెట్లలోనూ ఎంతమంది స్త్రీలు చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, పూర్తిచేసినవాళ్ళలో ఎంతమందికి ఆ పని దొరికింది అన్న లెక్కను ఏటా ప్రకటించాలి. లెక్కల విద్య నేర్పే కంపెనీకి తన లెక్క చెప్పడం కష్టం కారాదు. ప్రసూతి సెలవు నుంచి వచ్చినవాళ్ళకు పాత స్థాయిలో పని, కొత్త శిక్షణ రెండూ హక్కుగా ఉండాలి. ఆ కాలాన్ని పని లేని రోజుల కింద లెక్కించరాదు. శిక్షణలో నెగ్గలేదని తీసేసే ముందు మళ్ళీ నేర్పే బాధ్యత, అప్పీలు చేసుకునే అవకాశం ఉండాలి. పేదల జాబితాలను జల్లెడ పట్టే ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్ళకు, ఒక తప్పు గీత ఒక ఇంటి పొయ్యిని ఆర్పగలదన్న పాఠం మొదటి రోజే చెప్పాలి.

2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయికి మించిన కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. మన మండలంలో సున్నపురాయి తవ్వే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. జిల్లాలో గాలిమరలు, సోలారు ప్లాంట్లు ఉన్నాయి. ఆడవాళ్ళకంటే కుట్టుమిషను, మగపిల్లలకంటే కంప్యూటరు అన్న పంపకం ఇక చెల్లదని చెప్పాలి. ఇంటరు, డిగ్రీ చదివి ఇళ్ళలో ఉన్న ఆడపిల్లలకు మండల కేంద్రంలోనే, తెలుగులో, ఫీజు లేకుండా డేటా విశ్లేషణ నేర్పే కేంద్రం పెట్టమని అడగాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఇంకా సూటిగా ఉన్నాయి. యంత్రం చెప్పిందని ఏ పేరూ తీసేయరాదు. తీసేసే ముందు కాగితం మీద, తెలుగులో కారణం చెప్పాలి, గ్రామసభలో చదవాలి, తప్పని రుజువు చేసే భారం అధికారి మీద ఉండాలి. ఆశా, అంగన్‌వాడీ, మేటీ, సంఘం లెక్కల అమ్మాయి, వీళ్ళెవరు ఎక్కించిన వివరాలు వాళ్ళ ఊరికి పట్టికలుగా తిరిగి రావాలి. ఎక్కించే పనికి వేతనం, చదివే పనికి శిక్షణ ఇవ్వాలి.

సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఇందుకోసం ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కంప్యూటరు లేకపోయినా మొదలుపెట్టవచ్చు. నెలకు ఒక సాయంత్రం కూర్చుని ఒక జాబితా తీసుకుని నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది ఎవరు లెక్కించారు? ఇందులో ఎవరు లేరు? సగటు అంకె వెనక ఎవరు దాగి ఉన్నారు? ఈ లెక్క చూసి ఎవరు ఏం నిర్ణయిస్తారు? పదిమంది గుంపులో ఐదుగురికి మూడొందలు, ఐదుగురికి రెండొందలు కూలి పడితే సగటు రెండొందల యాభై అని రికార్డులో ఉంటుంది. ఆ రెండొందల యాభై ఎవరి చేతికీ రాలేదు. ఇంత చిన్న లెక్క పలకమీద వేసి చూపిస్తే, మూడొందలు ఎవరికి పడ్డాయి, రెండొందలు ఎవరికి పడ్డాయి, ఎందుకు పడ్డాయి అని గుంపులో నుంచే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే విశ్లేషణ. బెంగుళూరు కంపెనీల్లో ఈ పని చేస్తున్న మన అమ్మాయిలు పండుగకు వచ్చినప్పుడు ఒక పూట సంఘంలో కూర్చోమని పిలుద్దాం. వాళ్ళు పనిముట్లు చూపిస్తారు. మనం వాళ్ళకు జాబితాలో లేని మనుషులను చూపిద్దాం. వాళ్ళ ఆఫీసులో వాళ్ళు ఎదుర్కొనే అన్యాయం, మన పనిచోట మనం ఎదుర్కొనే అన్యాయం ఒకే చెట్టు కొమ్మలని ఇద్దరికీ తెలుస్తుంది.

ఓటు, కూలి, భూమి, చదువు ఏదీ మనకు అడగకుండా రాలేదు. మన గురించి రాసిన లెక్కను చదివే హక్కు, తప్పుంటే కొట్టివేసే హక్కు కూడా అలాంటివే. రాబోయే మూడు నెలల్లో మీ మండలంలో ఒక మస్టరు, ఒక రేషను జాబితా, ఒక సంఘం పుస్తకం తీసుకుని ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడండి. ఏం బయటపడిందో మాకు రాయండి. పేర్లు లేకుండా, అంకెలతో రాయండి. వచ్చే సంచికలో ఆ లెక్కలే ముందు పేజీల్లో వేస్తాం.

– సంపాదకవర్గం